పాట ఎవరిది?

మన పల్లెలలో బాగోతమునకు పోవువాడు "ఆట చూడబోవుచున్నాను" అనును. మరునాడు ఇరుగుపొరుగువారు వానిని అడుగునది మాత్రము "పాట ఎట్లున్నది?" అని. ఆట, పాట అను ఈ రెండు చిన్న మాటల నడుమనే సంగీతనాటకము మర్మమంతయు ఇమిడియున్నది. ఒకటి కంటికి విందు, మరొకటి చెవికి విందు అని ఊరకుండిన చాలదు. రెండును కలిసి ఒక మనిషిని మన యెదుట నిలబెట్టవలెను. ఆ మనిషి హిరణ్యకశిపుడు కావచ్చును. అలిగిన సత్యభామ కావచ్చును. కాటికాపరియైన హరిశ్చంద్రుడు కావచ్చును. తెర తీసిన పిమ్మట మన ముందు నిలిచినది ఆ పాత్రయా, లేక కమ్మని గొంతుక గల ఒక పాటగాడా? ఈ ప్రశ్నకు సమాధానము వేషములో దొరకదు, పాటలోనే దొరకవలెను.

హైదరాబాదునుండి పడమటగా వికారాబాదునకు పోవు బాటపై మొదట మొయినాబాదు, పిదప చేవెళ్ల వచ్చును. ఇరుప్రక్కల మర్రిచెట్లు గొడుగులు పట్టిన ఆ బాటకు బిజాపురము రహదారియని నేటికిని పేరు. గోలకొండ కోట చేరువ. ఉస్మాన్‌సాగరు, హిమాయత్‌సాగరు జలాశయములును, చిలుకూరు వేంకటేశ్వరుని కోవెలయు ఈ సీమలోనివే. పూలతోటలకును కూరగాయలకును పేరొందిన ఈ పల్లెలు నానాటికి మహానగరపు అంచులై మారుచున్నవి. ఇచ్చటి బడిపిల్లలకు యక్షగానమనగా పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న. వారి తాతలకో, తెల్లవార్లు మేలుకొని చూచిన ఆట. ఈ రెండు తరముల నడుమ తెగిన దారమును ముడివేయగలవారు ఎవరైన ఉన్న, వారు తెలుగు పాఠము చెప్పు ఉపాధ్యాయులే. అందుచేతనే ఈ నాలుగు మాటలు ముఖ్యముగా వారిని, వారి విద్యార్థులను ఉద్దేశించి వ్రాయుచున్నాను.

చెప్పదలచినది ఒక్కటే. నాటకములో పాట పాత్రకు సొత్తు. పాత్ర మనసులో పుట్టి, పాత్ర నోట వెలువడి, పాత్ర కథను ముందునకు నడిపిన పాట మాత్రమే నాటకపు పాట. అట్లు కాని పాట ఎంత మధురమైనను కచేరీలో రాణించును గాని రంగముపై బరువగును.

తెర వెనుకటి గజ్జెలు

యక్షగానము మనకు నిన్న మొన్నటిది కాదు. లభించిన తెలుగు యక్షగానములలో తొలిదిగా పండితులు పరిగణించు 'సుగ్రీవ విజయము'ను 16వ శతాబ్దిలో కందుకూరి రుద్రకవి రచించెను. అదే శతాబ్దిలో గోలకొండ నేలిన ఇబ్రహీం కుతుబ్‌షా (1550-1580) తెలుగు కవులను ఆదరించి, వారి నోట 'మల్కిభరాము'డను ముద్దుపేరు పొందెను. 17వ శతాబ్దిలో కాకునూరి అప్పకవి తన లక్షణగ్రంథమున యక్షగానములందలి రచనారీతులకును చోటిచ్చి, రగడలకును తాళములకును గల చుట్టరికమును తెలిపెను. ఛందస్సును చెప్పబోయిన లక్షణకర్త తాళమును గూడ చెప్పవలసి వచ్చుట గమనింపదగినది. యక్షగాన కవి గంటము పట్టునప్పుడే నటుని అడుగులు అతని చెవిలో మ్రోగుచున్నవన్నమాట.

ఈ ఆటలో ప్రాణప్రదమైనది దరువు. అందును పాత్ర తొలిసారి వచ్చునప్పటి ప్రవేశదరువు మరియు ముఖ్యము. ఇద్దరు మనుషులు తెర పట్టుకొని నిలుతురు. తెర వెనుక గజ్జెలు మ్రోగును, మద్దెల పలుకును, హార్మోనియము శ్రుతి అందుకొనును. ముఖము ఇంకను కానరాదు. అయినను వచ్చువాడు ఎవరో ప్రేక్షకునకు అప్పుడే సగము తెలిసిపోవును. ప్రహ్లాద చరిత్రము ఆడుచున్నారనుకొందము. హిరణ్యకశిపుడు వచ్చునప్పుడు అడుగు బరువు. దెబ్బకు దెబ్బకు నడుమ నిలుకడ. గొంతుక పై స్థాయిలో మొదలయి అచ్చటనే నిలుచును. దిగివచ్చుట అతనికి అవమానము. ప్రహ్లాదుడు వచ్చునప్పుడు తాళము తేలిక. పాట మధ్యస్థాయిని విడువదు. ఒక పాదమునుండి మరియొక పాదమునకు నీరు జారినట్లు జారును. తల్లి లీలావతి పాటలో స్వరము పైకి పోబోయి వెనుకకు వచ్చును. అటు భర్త, ఇటు కొడుకు. ఆమె ఎటును పూర్తిగా పోజాలదు. మాటలు తీసివేసి తాళమును, స్థాయిని మాత్రమే విన్నను ముగ్గురు మనుషులు వేరువేరుగా మన మనసునకు తట్టవలెను. అట్లు తట్టినప్పుడే భాగవతుడు తన పని చేసినవాడగును.

వంతపాట సంగతి ఇంకను సూక్ష్మము. ప్రధాన నటుడు పాడిన పాదమును వెనుకనున్నవారు అందుకొని మరల పాడుదురు. ఇది నటునకు ఊపిరి తీసికొను వ్యవధి ఇచ్చుట నిజమే. కాని అంతటితో దాని పని తీరదు. రాజు పాటకు వంత పలికినప్పుడు అది సేనాసమూహపు జయధ్వానమువలె వినబడును. కన్నీరు కార్చు తల్లి పాటకు అదే వంత పలికినప్పుడు వాడకట్టు ఆడువారు చేరి "అయ్యో తల్లీ!" అన్నట్లు వినబడును. పాడువారు వారే, పాడు తీరును వారిదే. పాత్ర మారుటచేత వంతకు అర్థము మారినది.

తెలంగాణమున చెర్విరాల భాగయ్య రచించిన యక్షగానములు పల్లెపల్లెకు ప్రాకినవి. వృత్తిగా ఆడు చిందు భాగవతులు ఒక వైపు, పగలు పొలము పని చేసి రాత్రి వేషము కట్టు గ్రామస్థులు మరియొక వైపు ఈ విద్యను నిలిపినారు. ఆ చిందు కళాకారులలో నిజామాబాదు జిల్లాకు చెందిన చిందుల ఎల్లమ్మ పురుష పాత్రలను సైతము ధరించి మెప్పించినది. జనగామ జిల్లాకు చెందిన గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ పురస్కారము లభించినది. కొయ్య కిరీటము, భుజకీర్తులు, కాళ్ల గజ్జెలు - ఇంత బరువు మోయుచు పాడవలసిన చిందు కళాకారునకు నిలువబడి స్వరములు అల్లు తీరిక ఉండదు. పాట అడుగుతో పుట్టి అడుగుతోనే ఆగును. ఈ నిర్బంధమే ఆ కళకు రక్ష. అడుగునకు అందని పాట అచ్చట నిలువనే నిలువదు.

సత్యభామ జడ

ఇక కృష్ణాతీరమునకు పోవుదము. సిద్ధేంద్రయోగి పేర ప్రసిద్ధమైన భామాకలాపము కూచిపూడివారి కంఠహారము. అందు సత్యభామ ముందు తన జడను తెరమీదుగా వేయును. ముఖము చూపక మునుపే జడను చూపుట ఒక సవాలు. తనతో సాటిరాగలవారు ఎవరైన ఉన్న రండను ధీమా. ఆ వెనువెంట వచ్చు ప్రవేశదరువులో ఆమె తన్ను తాను చెప్పుకొనును. తొందరలేని నడక, పాదాంతమున ఒక ఒయ్యారపు నిలుకడ, ఆ నిలుకడపై జతి - ఇవి గర్వము గల స్త్రీ నడకయే గాని వేరు కాదు. నడిచి ఆగి, తన్ను చూచుచున్నవారిని ఓరకంట చూచి, మరల నడచు మనిషి ఆ తాళములోనే ఉన్నది.

ఆమెతో మాటలాడునది చెలికత్తె మాధవి. సంప్రదాయమున సూత్రధారుడే ఆ పాత్ర వహించి, మెత్తగా ప్రశ్నించుచు ఆమెచేత పలికించును. మగని పేరు చెప్పవలసివచ్చినప్పుడు సత్యభామ పడు సిగ్గు, తప్పించుకొనుట, తిరిగి చిక్కుకొనుట ప్రేక్షకులను నవ్వించును. అటుపిమ్మట విరహము వచ్చును. కృష్ణుడు రాడు, లేఖ వ్రాయవలసిన గతి పట్టినది. అప్పుడు కాలము విలంబమగును. పాదాంతమందలి ఒయ్యారపు నిలుకడ మాయమై, పాదము మధ్యలోనే ఊపిరి తెగును. అదే జడ, అదే నగ, అదే గొంతుక. కాని నిలుకడ చోటు మారినది. గర్వపడు మనిషి మాట ముగించి ఆగును. దుఃఖించు మనిషి మాట ముగింపలేక ఆగును. ఈ ఒక్క భేదమును వినగలిగినవానికి భామాకలాపము సగము అర్థమైనట్లే.

ఈ సత్యభామను దశాబ్దములపాటు రంగమెక్కించి దేశమును మెప్పించినవారు వేదాంతం సత్యనారాయణశర్మ (1935-2012). ఆధునిక రంగస్థలమున స్త్రీ పాత్రలకు పేరుపడిన స్థానం నరసింహారావు (1902-1971) 'శ్రీకృష్ణ తులాభారము'లోని సత్యభామకై ఒక పాటను తామే కూర్చుకొనిరి. అది 1966 నాటి సినిమాలోను చోటు సంపాదించుకొన్నది. పురుషులు సత్యభామలగుట, చిందుల ఎల్లమ్మ పురుషుడగుట - ఈ రెంటిని ప్రక్కప్రక్కన ఉంచి చూచిన ఒక సత్యము తేటపడును. పాత్రను నిలుపునది పుట్టుకతో వచ్చిన గొంతుక కాదు. ఆ గొంతుక ఎచ్చట ఎక్కవలెను, ఎచ్చట దిగవలెను, ఎచ్చట ఆగవలెను అను ఎరుక.

గణములలో గుణము

యక్షగానమునకు దరువు ఎట్టిదో, గత శతాబ్దపు పౌరాణిక నాటకమునకు పద్యము అట్టిది. తరగతిలో పిల్లలచేత గురులఘువులు గుర్తింపజేసి, గణవిభజన చేయించి, యతి స్థానము చెప్పించి అంతటితో విడుచుట మనకు అలవాటు. రంగస్థల నటునకు ఈ లెక్కలే రాగతాళములు.

శార్దూల పాదము మగణముతో, అనగా వరుసగా మూడు గురువులతో మొదలగును. నటుడు నేలను అదిమి నిలిచి పలుకుటకు ఇది తగినది. చంపకమాల పాదములో మొదటి నాలుగు అక్షరములును లఘువులు. పరుగున వచ్చి పిదప నిలద్రొక్కుకొనును. ఉత్పలమాల గురువుతో ఆరంభమై రెండు లఘువులతో సాగును; గంభీరముగా మొదలిడి మృదువుగా సాగించు రాయబారి పలుకునకు చక్కగా అమరును. యతి శార్దూలమున 13వ అక్షరమున, ఉత్పలమాలలో 10వ అక్షరమున పడును. అనగా ఒకదానిలో పెద్ద ఊపిరితో దూరము పోయి నిలువవలెను. రెండవదానిలో నడిమికే సేద తీరును. సీసపద్యము నాలుగు దీర్ఘపాదములలో భావమును విస్తరింపజేసి, చివరి గీతిలో దానిని మూటకట్టి ఎదుటివాని చేతికి ఇచ్చును. కవి ఇవన్నియు అమర్చి ఇచ్చినాడు. నటుడు చేయవలసినది వానిని చెడగొట్టకుండుట.

తిరుపతి వేంకటకవుల ఉద్యోగవిజయములు తెలుగునాట ఆడని ఊరు లేదనుట అతిశయోక్తి కాదు. కౌరవసభలో రాయబారియై నిలిచిన శ్రీకృష్ణుని తలచుకొనుడు. అతడు శాంతిని కోరి వచ్చెను. శాంతి కుదరదని ఎరుగును. యుద్ధము వచ్చిన ఏమగునో చెప్పవలెను. చెప్పుచు కోపము పైకి తేరాదు. ఈ నాలుగును ఒక్క పద్యములో పలుకవలెను. ఆరంభమునుండి గొంతెత్తి గర్జించినవాడు దుర్యోధనుడగును గాని కృష్ణుడు కాడు. అడగియున్న కోపమే అచ్చట బలము. ఆ అడకువ వినబడవలెనన్న రాగము మెత్తగను, అక్షరము స్ఫుటముగను ఉండవలెను.

రాగమునకు రసమును అంటగట్టి పట్టిక వ్రాసికొనుట మనలో కొందరికి ఇష్టము. వీరమునకు అఠాణా, శోకమునకు ముఖారి, కరుణకు శహన - ఇట్టి సంప్రదాయములు ఉత్తపుక్కిటివి కావు. తరతరముల అనుభవము వానిలో ఉన్నది. అయినను పట్టిక ఒక్కటే దారి చూపదు. ఒక్క మోహనరాగమే నెమ్మదిగా పాడిన లాలించును, వడిగా పాడిన కదనమునకు పురికొల్పును. ఏ రాగము అనునది మొదటి ప్రశ్న మాత్రమే. ఎవరు, ఎవరితో, ఏ స్థితిలో అనునవి తరువాతి మూడు ప్రశ్నలు. నాలుగింటికిని సమాధానము కుదిరినప్పుడే వరుస కుదిరినట్లు.

"వన్స్ మోర్" చేసిన మేలు, కీడు

1885లో కడప జిల్లా సురభి గ్రామమున వనారస గోవిందరావు 'కీచకవధ' ప్రదర్శించుటతో సురభి నాటకసమాజము పుట్టినది. స్త్రీ పాత్రలను స్త్రీలే ధరించుట, కుటుంబము కుటుంబమే సమాజమై ఊరూర తిరుగుట వీరి విశేషములు. తెర వెనుక ఉయ్యెలలో పెరిగిన బిడ్డ కొన్నేండ్లకు తెర ముందు ప్రహ్లాదుడగును, కుశుడగును, బాలకృష్ణుడగును. పద్యములు అచ్చుపుస్తకమునుండి గాక తల్లి నోటినుండి చెవికెక్కును. 1937లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర నాట్యమండలి వీరి శాఖలలో ప్రసిద్ధమైనది. దానిని నడిపిన రేకందార్ నాగేశ్వరరావు, అనగా సురభి బాబ్జీ, 2013లో పద్మశ్రీ పొందిరి. సురభి కుటుంబములు కాపురమున్న శేరిలింగంపల్లి నేడు చేవెళ్ల లోక్‌సభ నియోజకవర్గములోనిదే. ఈ సీమవారు సురభిని తమదని చెప్పుకొనుటలో తప్పులేదు.

తెలుగు నాటకములో పాటలకు పెద్దపీట వేసినవారిలో బళ్లారి ధర్మవరము రామకృష్ణమాచార్యులు (1853-1912) ముందువరుసలోనివారు. వారి మేనల్లుడు బళ్లారి రాఘవ (1880-1946). మేనమామ పాటను రంగమెక్కించెను. మేనల్లుడు దానికి కళ్లెము వేయబూనెను. పద్యమును సాగదీసి ఆలాపన చేయుటకంటె వాచికమే, భావమే ప్రధానమని రాఘవ వాదించి, ఆచరించి చూపెను. ఆ పట్టుదలకు కారణము లేకపోలేదు. ప్రేక్షకులు "వన్స్ మోర్" అని కేకలు వేయగా, చనిపోవుచున్న పాత్ర లేచి పద్యము మరల పాడి, మరల పడి చనిపోయిన కథలు మన పెద్దలు నవ్వుచు చెప్పుదురు. అట్టి సమయమున పాట ఎవరిది? పాత్రది మాత్రము కాదు. అది నటుని కీర్తికిని ప్రేక్షకుని చేతి చప్పట్లకును మధ్య జరిగిన బేరము.

అయితే పాటనే పూర్తిగా తరిమివేయవలెనా? అదియు సరికాదు. ఇందుకు సాక్ష్యము హరిశ్చంద్రుని శ్మశానమే. బలిజేపల్లి లక్ష్మీకాంతకవి 'సత్యహరిశ్చంద్ర' నాటకమున కాటి సీనులో నటులు గుర్రం జాషువ (1895-1971) శ్మశానమును గూర్చి వ్రాసిన పద్యములను చేర్చి పాడుట ఆచారమైనది. అవి ఆ నాటకమునకై వ్రాసినవి కావు. వేరొక కవి వేరొక సందర్భమున వ్రాసినవి. నియమము చొప్పున చూచిన అవి పరాయి పాటలు. కాని నేడు అవి లేని కాటి సీనును ప్రేక్షకులు ఊహింపనైన ఊహింపరు. కారణమేమి? రాజ్యము పోయి, ఆలుబిడ్డలు అమ్ముడుపోయి, బూడిద నడుమ ఒంటరిగా నిలిచిన మనిషికి ఎదుట శ్రోత లేడు. అతడు ఎవరిని ఒప్పింపనక్కరలేదు, ఎవరిని మెప్పింపనక్కరలేదు. రాజును బిచ్చగాడును ఒకే మట్టిలో కలియుటను కన్నులారా చూచుచు తనలో తాను అనుకొనును. ఆ పద్యములు ఆ మనసునకు సరిగా కుదిరినవి. కనుకనే పరాయివైనను పాత్రకు సొంతమైనవి. పాట ఎవరు వ్రాసిరి అనుటకంటె ఎవరి మనసును పలుకుచున్నది అనునదియే గీటురాయి.

ఒకే గొంతులో ఇద్దరు

పిల్లలకు సులువుగా బోధపడు ఉదాహరణ ఒకటి కలదు. 1957లో వెలువడిన 'మాయాబజార్' చిత్రమును చూడని తెలుగువారు అరుదు. సురభివారు రంగముపై ఆడుచు వచ్చిన కథయు అదియే. శశిరేఖ రూపము ధరించిన ఘటోత్కచుని సావిత్రి అభినయించినది. ఆ మాయాశశిరేఖ పెళ్లి సంబరమున పాడు పాటలో పి. సుశీల గొంతుక నడుమ ఘంటసాల గొంతుక తొంగిచూచును. కన్నె రూపములో దాగిన రాక్షసవీరుడు ఆపుకొనలేక బయటపడుట అది. చూచువారు నవ్వుదురు, నవ్వుచునే ఒక పాఠము నేర్చుకొందురు. కంటికి కనబడునది శశిరేఖ, చెవికి దొరికిపోయినవాడు ఘటోత్కచుడు. వేషము దాచినదానిని పాట బయటపెట్టినది.

పడమటి దేశములవారును ఈ కిటుకు ఎరుగుదురు. బెర్నార్డ్ షా నాటకము 'పిగ్మేలియన్' ఆధారముగా 1956లో న్యూయార్కు నగరమున 'మై ఫెయిర్ లేడీ' అను సంగీతనాటకము ప్రదర్శింపబడినది. పూలమ్ముకొను పిల్ల ఇలైజాకు శుద్ధమైన భాష నేర్పెదనని పందెము కట్టిన ఆచార్యుడు హిగ్గిన్స్ అందు ముఖ్యపాత్ర. ఆ పాత్ర వహించిన రెక్స్ హారిసన్ పాటలను పూర్తిగా పాడక, లయకు తప్పకుండ మాటలవలె పలికెను. ఇలైజా మాత్రము గొంతెత్తి పాడును. ఒకరిది బుద్ధి, తన హృదయమును తాను ఎరుగని మనిషికి మాటయే చాలును. మరొకరిది హృదయము, దానికి మాట చాలదు, పాట కావలెను. మన యక్షగానములో దరువునుండి వచనమునకు, వచనమునుండి దరువునకు పాత్ర మారుచుండుటలో గల రహస్యమును ఇదియే. మాట ఎచ్చట చాలలేదో అచ్చట పాట మొదలు కావలెను. పని తీరినంతనే ఆగవలెను.

బడిలో ఏమి చేయవచ్చును?

నేడు పల్లెలలో ఆట పూర్తిగా ఆగిపోలేదు. కాని దానికి రెండు చిక్కులు వచ్చిపడినవి. మొదటిది మైకు. అందరి గొంతులను ఒకే ఎత్తునకు పెంచుటచే తల్లి ఏడుపును రాక్షసుని అరపును సమానమైనవి; పాత్రకును పాత్రకును మధ్య ఉండవలసిన దూరము పోయినది. రెండవది ముందుగా అచ్చుపోసి తెచ్చిన పాట. బడి వార్షికోత్సవములలో పిల్లలు రికార్డు పాటకు పెదవులు కదపుట మామూలైనది. అచ్చుపోసిన పాట నటునికొరకు ఆగదు. ఎదుటి పాత్ర కన్నీరు చూచి నెమ్మదింపదు. పాటకు మనిషి తోకయగును.

దీనికి విరుగుడు ఖర్చుతో కూడినది కాదు. మొదట, "నేను వచ్చితిని" అను ఒక్క వాక్యమును ముగ్గురు పిల్లలకు ఇచ్చి హిరణ్యకశిపునివలె, ప్రహ్లాదునివలె, లీలావతివలె చప్పట్ల తాళముతో పలికించుడు. ఒకనికి నాలుగు దెబ్బల చతురశ్రము, మరియొకనికి మూడు దెబ్బల తిశ్రము ఇచ్చి చూడుడు. ఏ తాళము ఎవరికి కుదిరెనో తరగతియే తీర్పు చెప్పును. ఆ తీర్పునకు కారణము చెప్పించుట అసలైన పాఠము.

రెండవది, పాఠ్యపుస్తకములోని పద్యము నొకదానిని తీసికొని, ముందు వచనమువలె అర్థము తెలియునట్లు చదివించుడు. పిదప ఊపిరి తీయవలసిన చోట్లు గుర్తింపజేయుడు. యతి స్థానముతో అవి ఎచ్చట కలిసినవో, ఎచ్చట తప్పినవో చూపుడు. చివరకు రాగము చేర్పుడు. రాగము చేర్చిన తరువాత ఒక్క అక్షరమైనను వినబడకపోయిన, రాగమును తగ్గింపుడు గాని అక్షరమును గాదు. గణవిభజన అనిన పారిపోవు బాలుడు ఈ ఆటలో తెలియకనే గణములను నేర్చుకొనును.

మూడవది, చేవెళ్ల మొయినాబాదు చుట్టుపట్ల ఊళ్లలో ఒకప్పుడు వేషము కట్టిన పెద్దలను వెదకి బడికి పిలువుడు. తాతా, ఈ దరువు ఏ వేషమునకు, ఇచ్చట ఎందుకు ఆగితివి, ఆ వేషమునకు ఈ అడుగు ఎందుకు వేయవు అని పిల్లలచేత అడిగింపుడు. వారు చెప్పునది సెల్‌ఫోనులో పట్టి ఉంచుడు. వ్రాతప్రతిలో దరువు మాటలు దొరకును. ఆ నిలుకడలు, ఆ ఊపిరులు మాత్రము మనుషులలోనే ఉన్నవి. ఆ మనుషులు వృద్ధులగుచున్నారు. ఈ పని రానున్న యేటికి వాయిదా వేయదగినది కాదు.

పిల్లలందరును నటులు కానక్కరలేదు, గాయకులు కానక్కరలేదు. ఎదుటివాని గొంతు ఎచ్చట ఎక్కెనో, ఎచ్చట తెగెనో విని, వాని మనసును గ్రహించుట అలవడిన చాలును. ఆ నేర్పు నాటకశాలలో మాత్రమే గాక ఇంటిలోను, వీధిలోను పనికివచ్చును. కనుక ఇకమీదట పల్లెలో ఆట జరిగిన రాత్రి మీ విద్యార్థులను పంపుడు. మరునాడు తరగతిలో "పాట బాగున్నదా?" అని అడుగకుడు. "పాట ఎవరిది?" అని అడుగుడు.